సాంకేతిక రచయిత్రుల వ్యక్తిత్వ రకాలు, ఉద్యోగ సంతృప్తి

సాంకేతిక రచయిత్రుల వ్యక్తిత్వ రకాలు, ఉద్యోగ సంతృప్తి అనునది వృత్తి మనస్తత్వశాస్త్రానికి చెందిన ఒక అధ్యయనాంశం. యంత్రాలు, పరికరాలు, మందులు, సాఫ్టువేరు మొదలైనవాటిని ఎలా వాడాలో తెలిపే రచనలు చేయడం వృత్తిగా గల స్త్రీల స్వభావానికి, ఆ ఉద్యోగంలో వారు పొందే తృప్తికి మధ్య ఉన్న సంబంధాన్ని ఈ అంశం పరిశీలిస్తుంది. "నా స్వభావానికి ఈ ఉద్యోగం సరిపోతుందా?" అని విద్యార్థినులు తరచుగా అడిగే ప్రశ్నకు ఇది శాస్త్రీయ రూపం. స్వభావం ఉద్యోగ సంతృప్తిపై కొంత ప్రభావం చూపుతుంది. అయితే పనిని ఏర్పరచిన తీరు, పనిలో లభించే స్వేచ్ఛ, గుర్తింపు అనేవి అంతకంటె తక్కువ ముఖ్యమైనవి కావు. కాబట్టి వ్యక్తిత్వ పరీక్షలో వచ్చిన ఫలితాన్ని బట్టి ఒక వృత్తికి తగుదునని గాని, తగనని గాని నిర్ణయించుకోవడం సరికాదు.

సాంకేతిక రచన

ఒక విషయం బాగా తెలిసిన నిపుణుల నుండి సమాచారాన్ని సేకరించి, దానిని ఆ విషయం తెలియని పాఠకుడు చదివి పని పూర్తిచేసుకోగలిగే విధంగా రాయడాన్ని సాంకేతిక రచన అంటారు. వాడుకరి దర్శినులు, మరమ్మతు పుస్తకాలు, భద్రతా సూచనలు, సాఫ్టువేరు సహాయపుటలు, మందుల పెట్టెలలో ఉంచే కరపత్రాలు ఈ కోవకు చెందినవి.

ఒక చిన్న ఉదాహరణతో దీని స్వభావం తెలుస్తుంది. నంద్యాల జిల్లాలోని అవుకు మండలంలో బోరుబావి కింద సేద్యం చేసే రైతు ఇంటికి కొత్త మోటారు స్టార్టరు పెట్టె వచ్చిందనుకుందాం. దానితోపాటు వచ్చిన కాగితంలో "మోటారును తగు జాగ్రత్తలతో నడుపవలెను" అని ఉంటే ఆ వాక్యం వలన రైతుకు ప్రయోజనం లేదు. "1. ఎరుపు, పసుపు, నీలం దీపాలు మూడూ వెలుగుతున్నాయో లేదో చూడండి. 2. ఒక్క దీపం వెలగకపోయినా మోటారు వేయకండి. రెండు ఫేజులతో నడిస్తే మోటారు కాలిపోతుంది. 3. మూడూ వెలుగుతుంటే పచ్చ మీట నొక్కండి" అని ఉంటే మోటారు నిలుస్తుంది, పంట నిలుస్తుంది. రెండవ విధంగా రాయాలంటే విద్యుత్తు గురించి కొంత తెలియాలి, భాష తెలియాలి, అన్నిటికీ మించి చీకటిలో టార్చిలైటుతో ఆ పెట్టె ముందు నిలబడిన మనిషి అవస్థ తెలియాలి.

ఈ వృత్తిలో పని సాధారణంగా కింది దశలలో జరుగుతుంది.

* పాఠకుడు ఎవరు, అతనికి ముందుగా ఏమి తెలుసు అనే పరిశీలన
* ఇంజనీర్లు, వైద్యులు మొదలైన నిపుణులను ప్రశ్నించి విషయాన్ని సేకరించడం
* పరికరాన్ని లేదా సాఫ్టువేరును స్వయంగా వాడి చూడడం
* చిత్తుప్రతి తయారుచేయడం, నిపుణులచేత పరిశీలింపజేయడం
* భాషను, చిత్రాలను, పట్టికలను సరిదిద్ది ప్రచురించడం
* ఉత్పత్తి మారిన ప్రతిసారీ పాత ప్రతిని సవరించడం

ఈ దశలను బట్టి చూస్తే ఇది ఒకే రకం పని కాదని తెలుస్తుంది. రెండవ దశలో నలుగురితో మాట్లాడే నేర్పు కావాలి. నాలుగవ దశలో గంటలకొద్దీ ఒంటరిగా కూర్చునే ఓర్పు కావాలి. ఐదవ దశలో చిన్న తప్పును కూడా విడిచిపెట్టని చూపు కావాలి.

చరిత్రలో స్త్రీల పాత్ర

ఛార్లెస్ బాబేజ్ రూపకల్పన చేసిన విశ్లేషణ యంత్రాన్ని గురించి ఇటలీ దేశస్థుడు మెనాబ్రియా ఫ్రెంచిలో రాసిన వ్యాసాన్ని అడా లవ్‌లేస్ ఇంగ్లీషులోకి అనువదించి, 1843లో తన వివరణలతో ప్రచురించింది. ఆ వివరణలు మూలవ్యాసానికి దాదాపు మూడు రెట్లు ఉన్నాయి. ఇంకా నిర్మాణం కూడా జరగని యంత్రం ఎలా పనిచేస్తుందో మెట్టుమెట్టుగా చెప్పిన ఆ వివరణలను సాంకేతిక రచనకు తొలినాటి గొప్ప ఉదాహరణగా చెప్పవచ్చు. వాటికింద ఆమె పూర్తి పేరు లేదు, పొడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి.

కంప్యూటర్ల విషయంలో 1949లో బైనాక్ అనే యంత్రానికి జోసెఫ్ ఛాప్లైన్ రాసిన వాడుకరి దర్శినిని తొలి కంప్యూటరు దర్శినులలో ఒకటిగా పేర్కొంటారు. 1953లో అమెరికాలోని బోస్టన్, న్యూయార్కు నగరాలలో సాంకేతిక రచయితల సంఘాలు వేరువేరుగా ఏర్పడి, 1957లో విలీనమయ్యాయి. సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్ అనే పేరుతో ప్రసిద్ధి చెందిన ఈ సంఘం ఆర్థిక ఇబ్బందులతో 2025 జనవరిలో మూతపడింది. ఇరవయ్యవ శతాబ్దం చివరి భాగంలో ఈ వృత్తిలో స్త్రీల సంఖ్య బాగా పెరిగింది. నేడు అమెరికాలో సాంకేతిక రచయితలలో సగానికి పైగా స్త్రీలే.

సాంకేతిక రచన చరిత్రలో స్త్రీల పేర్లు తక్కువగా కనిపించడానికి కారణాన్ని క్యాథరిన్ డ్యురాక్ అనే పరిశోధకురాలు 1997లో ఒక వ్యాసంలో చర్చించింది. ఇంటిని పనిచేసే చోటుగా, ఇంట్లో వాడే పనిముట్లను సాంకేతికతగా లెక్కించకపోవడం వలన కుట్టుపని, వంట మొదలైనవాటిపై వచ్చిన రచనలు సాంకేతిక రచనలుగా గుర్తింపు పొందలేదని ఆమె వాదించింది.

ఈ దృష్టితో చూస్తే తెలుగులో కూడా స్త్రీల సాంకేతిక రచన కొత్తది కాదు. మాలతీ చందూర్ (మరణం 2013) రచించిన "వంటలు-పిండివంటలు" తెలుగునాట అనేక ముద్రణలు పొందింది. కొలతలు, వరుసక్రమం, చేయకూడని పొరపాట్లు చెప్పే వంటల పుస్తకం లక్షణరీత్యా వాడుకరి దర్శినికి భిన్నమైనది కాదు. కొత్తగా కాపురం పెట్టినవారు పక్కన పెద్దవారు ఎవరూ లేకుండా చదివి చేసుకోగలగడమే దాని పరీక్ష.

వ్యక్తిత్వ రకాల సిద్ధాంతం

స్విట్జర్లాండు మనస్తత్వవేత్త కార్ల్ గుస్టావ్ యూంగ్ (1875-1961) 1921లో జర్మను భాషలో ప్రచురించిన గ్రంథంలో మనుషుల మానసిక రకాలను వర్ణించాడు. అంతర్ముఖత, బహిర్ముఖత అనే మాటలు ఈ గ్రంథం వలననే విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. 1923లో ఇంగ్లీషు అనువాదం వెలువడింది.

ఈ సిద్ధాంతాన్ని ప్రశ్నపత్రంగా మార్చినవారు అమెరికాకు చెందిన తల్లీకూతుళ్ళు క్యాథరిన్ కుక్ బ్రిగ్స్ (1875-1968), ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ (1897-1980). వీరిద్దరూ మనస్తత్వశాస్త్రంలో పట్టాలు పొందినవారు కారు. ఇసబెల్ అపరాధ పరిశోధక నవలలు రాసిన రచయిత్రి. ప్రశ్నపత్రాల నిర్మాణాన్ని ఆమె ఫిలడెల్ఫియాలోని ఒక బ్యాంకులో సిబ్బంది వ్యవహారాలు చూసే ఎడ్వర్డ్ హే వద్ద నేర్చుకొంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో పురుషులు యుద్ధానికి వెళ్ళగా అనేకమంది స్త్రీలు మొదటిసారిగా కర్మాగారాలలో, కార్యాలయాలలో చేరారు. ఎవరికి ఏ పని హాయిగా ఉంటుందో తెలుసుకోవడానికి తోడ్పడాలన్న ఆలోచన ఈ ప్రశ్నపత్రం వెనుక ఉంది. అంటే స్త్రీలు, ఉద్యోగం అనే ప్రశ్న ఈ పరీక్ష పుట్టుకలోనే ఉందన్నమాట. మయర్స్-బ్రిగ్స్ టైప్ ఇండికేటర్ అనే పేరుగల ఈ ప్రశ్నపత్రాన్ని 1962లో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీసు ప్రచురించింది. దీనిని సంక్షిప్తంగా ఎం.బి.టి.ఐ. అంటారు.

ఇందులో నాలుగు జంటలు ఉంటాయి.

* బహిర్ముఖత - అంతర్ముఖత: ఉత్సాహం నలుగురిలో కలుగుతుందా, ఏకాంతంలో కలుగుతుందా అన్నది
* ఇంద్రియగ్రహణం - అంతర్బుద్ధి: కంటికి కనిపించే వివరాలపై దృష్టి ఉంటుందా, వాటి వెనుకనున్న పొందికపై ఉంటుందా అన్నది
* ఆలోచన - అనుభూతి: నిర్ణయానికి తర్కం ఆధారమా, మనుషులపై దాని ప్రభావం ఆధారమా అన్నది
* నిర్ణయశీలత - గ్రహణశీలత: ముందుగా ప్రణాళిక వేసుకొని ముగించడం ఇష్టమా, చివరివరకు అవకాశాలను తెరచి ఉంచడం ఇష్టమా అన్నది

ప్రతి జంట నుండి ఒకటి చొప్పున తీసుకొంటే మొత్తం 16 రకాలు ఏర్పడతాయి. ఈ పరీక్ష తెలిపేది ఇష్టాన్ని మాత్రమే, సామర్థ్యాన్ని కాదు. కుడిచేతివాటం గలవారు ఎడమచేతితో కూడా పని చేయగలరు, కాని మొదట కుడిచేయి ముందుకు వస్తుంది. రకం కూడా అటువంటిదేనని ఈ పద్ధతిని అనుసరించేవారు చెబుతారు.

ఉద్యోగ సంతృప్తి

తన ఉద్యోగాన్ని, ఉద్యోగానుభవాలను బేరీజు వేసుకొన్నప్పుడు మనిషికి కలిగే సంతోషకరమైన మనఃస్థితినే ఉద్యోగ సంతృప్తిగా ఎడ్విన్ లాక్ 1976లో నిర్వచించాడు. అంతకుముందే 1935లో రాబర్ట్ హాపాక్ ఈ విషయంపై ఒక గ్రంథం ప్రచురించాడు. 1969లో స్మిత్, కెండాల్, హ్యూలిన్ రూపొందించిన కొలమానం పని, జీతం, పదోన్నతి, పర్యవేక్షణ, తోటి ఉద్యోగులు అనే అయిదు అంశాలను విడివిడిగా కొలుస్తుంది. ఒకే మనిషి పనితో తృప్తిగా ఉండి జీతంతో అసంతృప్తిగా ఉండవచ్చు గనుక ఈ విభజన అవసరం.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, అతని సహచరులు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో 203 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో రెండు కారకాల సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. జీతం, నిబంధనలు, పర్యవేక్షణ సరిగా లేకపోతే అసంతృప్తి కలుగుతుంది. కాని అవి బాగున్నంత మాత్రాన సంతృప్తి కలగదు. సాధించామన్న భావన, గుర్తింపు, పనిలోని ఆసక్తి, బాధ్యత, ఎదుగుదల వలన సంతృప్తి కలుగుతుంది. తరువాతి పరిశోధకులు ఈ విభజన అంత కచ్చితంగా ఉండదని విమర్శించినా, గుర్తింపుకు ఉన్న ప్రాధాన్యాన్ని ఎవరూ కాదనలేదు.

రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ 1970వ దశకంలో ఉద్యోగ లక్షణాల నమూనాను రూపొందించారు. ఇందులో అయిదు లక్షణాలు ఉన్నాయి: నైపుణ్యాల వైవిధ్యం, పని సమగ్రత, పని ప్రాధాన్యం, స్వేచ్ఛ, ఫలితం గురించిన సమాచారం. మొదటి మూడింటి సగటును స్వేచ్ఛతోను, ఫలిత సమాచారంతోను గుణిస్తే ఆ ఉద్యోగం మనిషిని ఎంతగా ప్రేరేపించగలదో తెలుస్తుంది. ప్రతి లక్షణాన్ని 1 నుండి 7 వరకు లెక్కిస్తారు.

ఉదాహరణకు ఒక రచయిత్రి ఉద్యోగంలో మొదటి మూడు లక్షణాలు 6, 5, 4 అనుకుందాం. వాటి సగటు 5. స్వేచ్ఛ 2, ఫలిత సమాచారం 2 అయితే మొత్తం 5 × 2 × 2 = 20. ఆమెకే పాఠకులతో మాట్లాడే అవకాశం, చిత్తుప్రతిపై నిర్ణయాధికారం ఇచ్చి స్వేచ్ఛను 5కు, ఫలిత సమాచారాన్ని 4కు పెంచితే మొత్తం 5 × 5 × 4 = 100 అవుతుంది. ఈ రెండు లెక్కలలోను మనిషి ఒక్కతే, ఆమె వ్యక్తిత్వ రకం కూడా ఒక్కటే. మారినది ఉద్యోగం. అయితే ఎదగాలన్న కోరిక బలంగా ఉన్నవారిలో ఇటువంటి మార్పు ఎక్కువ ఫలితాన్నిస్తుందని ఈ నమూనా చెబుతుంది. స్వభావానికి ఇందులో చోటు ఉన్నది ఆ మేరకే.

వృత్తికి, రకానికి గల సంబంధం

సాంకేతిక రచన అనగానే అంతర్ముఖులకు తగిన పని అని చాలామంది భావిస్తారు. ఏకాంతంలో రాయడం ఇష్టపడేవారికి ఇది అనుకూలమే. కాని నిపుణుని వెంటబడి సమాచారం రాబట్టడం కూడా ఈ వృత్తిలో భాగమే. పని ఒత్తిడిలో ఉన్న ఇంజనీరు "తరువాత చూద్దాం" అన్నప్పుడు మొహమాటపడి వెనుదిరిగితే పుస్తకం పూర్తికాదు. అంతర్ముఖులు ఈ పనిని చేయలేరని కాదు, చేసిన తరువాత వారికి కొంత విశ్రాంతి కావాలి. బహిర్ముఖులకు దీనికి వ్యతిరేకంగా, వారంరోజులు మాటామంతీ లేకుండా రాయడం భారమనిపించవచ్చు.

ఇంద్రియగ్రహణం ఇష్టపడేవారు మెట్లు, అంకెలు, పేర్లు సరిచూడడంలో ఆనందం పొందుతారు. అంతర్బుద్ధి గలవారు పుస్తకం మొత్తాన్ని ఎలా అమర్చాలి, పాఠకుడు ఎక్కడ తప్పుదారి పడతాడు అనే ఆలోచనలో ఆనందం పొందుతారు. నిర్ణయశీలతను ఇష్టపడేవారికి గడువులు సహజంగా నప్పుతాయి. గ్రహణశీలతను ఇష్టపడేవారు ఉత్పత్తి చివరిక్షణంలో మారినప్పుడు తొట్రుపడకుండా సవరించగలుగుతారు.

ఆలోచన - అనుభూతి జంట స్త్రీల విషయంలో ప్రత్యేకంగా గమనించదగినది. అమెరికాలో సేకరించిన లెక్కల ప్రకారం స్త్రీలలో సుమారు నాలుగింట మూడువంతుల మంది అనుభూతి వైపు మొగ్గు చూపుతారు. మిగిలిన మూడు జంటలలో స్త్రీపురుషుల మధ్య ఇంత తేడా లేదు. దీనిని ఆధారం చేసుకొని "సాంకేతిక రంగం తర్కానికి సంబంధించినది, కాబట్టి స్త్రీలకు నప్పదు" అనే వాదన తలెత్తుతుంది. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది, అనుభూతిని ఇష్టపడడమంటే తర్కం లేకపోవడం కాదు. రెండవది, పాఠకుని అవస్థను ఊహించగలగడం ఈ వృత్తికి మూలం. పైన చెప్పిన స్టార్టరు పెట్టె ఉదాహరణలో తర్కం ఎంత అవసరమో, చీకటిలో నిలబడిన రైతు గురించిన ఆలోచన కూడా అంతే అవసరం.

పరిశోధనల ఫలితాలు

ఎం.బి.టి.ఐ. విస్తృతంగా వాడుకలో ఉన్నప్పటికీ మనస్తత్వశాస్త్ర పరిశోధకులు దానిపై గట్టి విమర్శలు చేశారు. 1989లో మెక్‌క్రే, కోస్టా అనేవారు ఈ పరీక్ష మనుషులను నిజంగా వేరువేరు రకాలుగా విడదీయగలదనడానికి ఆధారాలు లేవని చూపారు. 1993లో డేవిడ్ పిటెంజర్ కొద్ది వారాల తరువాత అదే పరీక్ష తిరిగి రాసినవారిలో చాలామందికి వేరే రకం వస్తున్నదని ఎత్తిచూపాడు.

దీనికి కారణం సులభంగానే అర్థమవుతుంది. పదవ తరగతి పరీక్షలో 34 మార్కులు వచ్చినవారు తప్పినట్లు, 35 వచ్చినవారు ఉత్తీర్ణులైనట్లు లెక్క. ఈ ఇద్దరి మధ్య నిజానికి తేడా ఏమీ లేదు. 35 వచ్చినవారిని, 95 వచ్చినవారిని ఒకే వర్గంలో చేర్చినా వారి మధ్య ఎంతో తేడా ఉంది. అదేవిధంగా అంతర్ముఖత, బహిర్ముఖతల మధ్య ఎక్కువమంది నడిమిభాగంలోనే ఉంటారు. వారిని గీత గీసి అటో ఇటో నెట్టడం వలన ఫలితం నిలకడగా ఉండదు.

అందువలన పరిశోధకులు ఎక్కువగా పంచలక్షణ నమూనాను వాడుతున్నారు. ఇందులో కొత్తదనంపై ఆసక్తి, కర్తవ్యనిష్ఠ, బహిర్ముఖత, సౌమ్యత, మానసిక ఆందోళన అనే అయిదు లక్షణాలను వర్గాలుగా కాక కొలతలుగా చూస్తారు. తిమోతీ జడ్జ్, హెల్లర్, మౌంట్ 2002లో 163 నమూనాలకు సంబంధించిన అధ్యయనాలను కలిపి విశ్లేషించి, ఈ లక్షణాలకు ఉద్యోగ సంతృప్తితో ఉన్న సహసంబంధాన్ని లెక్కగట్టారు.

* మానసిక ఆందోళన: -0.29
* కర్తవ్యనిష్ఠ: 0.26
* బహిర్ముఖత: 0.25
* సౌమ్యత: 0.17
* కొత్తదనంపై ఆసక్తి: 0.02

సహసంబంధం 1 అయితే ఒకదానిని బట్టి మరొకదానిని పూర్తిగా చెప్పవచ్చు, 0 అయితే సరళసంబంధం ఏమీ లేనట్లు. అయిదు లక్షణాలనూ కలిపి చూసినప్పుడు వచ్చిన సహసంబంధం 0.41. దీనిని వర్గం చేస్తే సుమారు 0.17 వస్తుంది. అంటే మనుషుల ఉద్యోగ సంతృప్తిలో కనిపించే తేడాలలో దాదాపు 17 శాతాన్ని మాత్రమే ఈ లక్షణాలు వివరించగలవు. ఇది తీసివేయదగినది కాదు. అయితే మిగిలిన పెద్దభాగానికి కారణాలను స్వభావంలో కాక ఇతరచోట్ల వెతకాలి. ఈ లెక్కలు అనేక వృత్తులకు సంబంధించినవి, సాంకేతిక రచనకు మాత్రమే పరిమితమైనవి కావు.

స్త్రీల సంతృప్తిని కొలవడంలో చిక్కులు

1997లో ఆండ్రూ క్లార్క్ బ్రిటన్‌లో జరిగిన గృహ సర్వే ఆధారంగా ఒక ఆసక్తికరమైన విషయాన్ని వెల్లడించాడు. స్త్రీలకు జీతాలు, పదోన్నతులు తక్కువగా ఉన్నా, వారు పురుషులకంటె ఎక్కువ సంతృప్తితో ఉన్నట్లు చెప్పారు. దీనికి వారి ఆశలు తక్కువగా ఉండడమే కారణమని అతడు వివరించాడు. పాత తరంలో ఉద్యోగం దొరకడమే గొప్ప అని భావించిన స్త్రీ ఉన్నదానితోనే తృప్తి పడుతుంది. యువతులలో, ఉన్నత విద్య చదివినవారిలో, వృత్తి నిపుణులలో ఈ తేడా కనిపించలేదు.

దీనినుండి గ్రహించవలసినది ఏమనగా, సంతృప్తి అంకె ఎక్కువగా ఉండడం న్యాయం జరుగుతున్నదనడానికి నిదర్శనం కాదు. ఆశ పెరిగినప్పుడు అంకె తగ్గవచ్చు. ఆ తగ్గుదల ఒక్కొక్కసారి మేలైన మార్పుకు సూచన.

ఉద్యోగం చేసే స్త్రీలు ఇంటికి వచ్చిన తరువాత మరొక పూట పని చేస్తున్నారని ఆర్లీ హోక్‌షీల్డ్ 1989లో ప్రచురించిన గ్రంథంలో వివరించింది. కార్యాలయంలో ఎంత తృప్తి ఉన్నా, ఇంటిపని భారం ఆ తృప్తిని తగ్గిస్తుంది. ఒక ప్రశ్నపత్రంలో "ఉద్యోగం భారంగా ఉంది" అని ఒక స్త్రీ గుర్తు పెట్టినప్పుడు, ఆ భారం ఉద్యోగానిదా, ఇంటిదా అన్నది ఆ గుర్తు చెప్పదు.

సాంకేతిక రచనకు ప్రత్యేకమైన మరొక చిక్కు గుర్తింపుకు సంబంధించినది. వాడుకరి దర్శినిపై రచయిత్రి పేరు సాధారణంగా ఉండదు. పుస్తకం బాగుంటే వాడుకరి పని పూర్తిచేసుకొని పుస్తకాన్ని మరచిపోతాడు, తప్పుంటే మాత్రం ఫిర్యాదు చేస్తాడు. హెర్జ్‌బర్గ్ చెప్పిన గుర్తింపు, హాక్‌మన్ చెప్పిన ఫలిత సమాచారం రెండూ ఈ వృత్తిలో సహజంగానే తక్కువ. ఇటువంటి చోట ఒక రచయిత్రి నిరుత్సాహపడితే దానిని ఆమె స్వభావలోపంగా భావించడం పొరపాటు.

తెలుగు ప్రాంతాలలో

హైదరాబాదులో 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత సాఫ్టువేరు రంగం వేగంగా విస్తరించింది. మైక్రోసాఫ్టు సంస్థ తన అభివృద్ధి కేంద్రాన్ని అదే సంవత్సరం ఈ నగరంలో నెలకొల్పింది. సాఫ్టువేరు తయారయ్యేచోట దానిని వివరించే పుస్తకాలు, సహాయపుటలు కూడా తయారు కావలసి ఉంటుంది. కాబట్టి సాంకేతిక రచన తెలుగు యువతులకు ఒక ఉపాధి మార్గమైంది. భారతదేశ సమాచార సాంకేతిక రంగ ఉద్యోగులలో సుమారు మూడవవంతు స్త్రీలు.

అవుకు వంటి మండల కేంద్రం నుండి ఈ వృత్తికి వెళ్ళే దారి ఎలా ఉంటుందో పరిశీలించడం విద్యార్థులకు ఉపయోగకరం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేవరకు అవుకు కర్నూలు జిల్లాలో ఉండేది. నంద్యాలలో 1995లో స్థాపించిన రాజీవ్ గాంధీ మెమోరియల్ ఇంజనీరింగ్ కళాశాల, తిరుపతిలో 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఈ ప్రాంతపు బాలికలకు ఉన్నత విద్యావకాశాలలో కొన్ని. ఆంగ్లభాషా బోధనకు ప్రసిద్ధి చెందిన సంస్థ హైదరాబాదులో 1958 నుండి ఉంది. అది నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. ఇంజనీరింగు చదివినవారు, ఇంగ్లీషు సాహిత్యం చదివినవారు ఇరువురూ సాంకేతిక రచనలోకి రావచ్చు. మొదటివారు భాషను, రెండవవారు విషయాన్ని అదనంగా నేర్చుకోవలసి ఉంటుంది.

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థినులు ఇంగ్లీషు భయంతో ఈ వృత్తిని ముందుగానే వదులుకోవడం కద్దు. కొందరు ఆ భయాన్ని స్వభావంగా పొరబడి "నేను నలుగురిలో మాట్లాడలేను, అంతర్ముఖిని" అనుకొంటారు. అలవాటులేని భాషలో మాట్లాడవలసి వచ్చినపుడు కలిగే బెరుకు, ఏకాంతాన్ని ఇష్టపడే స్వభావం ఒకటి కావు. మొదటిది అభ్యాసంతో పోతుంది. ఈ రెండింటినీ వేరుచేయలేని పరీక్ష ఫలితం ఆ విద్యార్థిని గురించి తప్పు చెబుతుంది. నిజానికి సాంకేతిక రచనకు కావలసినది ఆడంబరమైన ఇంగ్లీషు కాదు, చిన్న వాక్యాలతో కూడిన సరళమైన ఇంగ్లీషు. రెండవ భాషగా ఇంగ్లీషును కష్టపడి నేర్చుకొన్నవారికి పాఠకుడు ఎక్కడ తడబడతాడో స్వానుభవంతో తెలుస్తుంది.

ఈ వృత్తి సాఫ్టువేరుకే పరిమితం కాదు. అవుకు జలాశయం, గాలేరు-నగరి పథకపు సొరంగాలు, పరిసర ప్రాంతాల నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు, గని-శకునాల వద్ద ఉన్న సౌరవిద్యుత్ కేంద్రం - వీటన్నిటిలోను యంత్రాల నిర్వహణకు, కార్మికుల భద్రతకు స్పష్టమైన సూచనలు కావాలి. ఆ సూచనలను కార్మికులకు అర్థమయ్యే తెలుగులో రాయగలవారి అవసరం ఎంతో ఉంది.

చట్టపరంగా 2013లో పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. 2017 సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలకు పెరిగింది. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశుసంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలన్న నియమం కూడా వచ్చింది. ఉద్యోగంలో కొనసాగడం, తృప్తి పొందడం ఇటువంటి ఏర్పాట్ల అమలుపై కూడా ఆధారపడి ఉంటాయి.

ఇటీవలి మార్పులు

2020లో కోవిడ్ కారణంగా ఇంటినుండి పనిచేసే పద్ధతి వ్యాపించింది. రచన ఒంటరిగా చేయదగిన పని గనుక ఈ వృత్తిలోనివారికి అది సులభంగానే అలవడింది. ప్రయాణపు శ్రమ తగ్గడం ఒక మేలు. అయితే ఇంటిపని, ఉద్యోగం ఒకే గదిలోకి రావడం, నిపుణులతో ముఖాముఖి మాట్లాడే అవకాశం తగ్గడం కష్టాలు. 2022 నవంబరులో ఛాట్‌జీపీటీ విడుదలైన తరువాత చిత్తుప్రతులు తయారుచేసే పనిలో కొంత యంత్రం వంతు అయింది. యంత్రం రాసినది నిజమా కాదా అని పరికరాన్ని వాడి సరిచూడడం, పాఠకునికి ఏది అవసరమో నిర్ణయించడం రచయితల బాధ్యతగా మరింత ముందుకు వచ్చాయి. ఈ మార్పు వలన ఉద్యోగంలో స్వేచ్ఛ, సమగ్రత పెరుగుతాయా, తగ్గుతాయా అన్నది సంస్థలు పనిని పంచే తీరుపై ఆధారపడుతుంది.

విద్యార్థినులకు సూచనలు

* వ్యక్తిత్వ పరీక్షను తనను తాను గమనించుకోవడానికి మాత్రమే వాడాలి. ఎం.బి.టి.ఐ.ని ఉద్యోగుల ఎంపికకు వాడరాదని దాని నిర్వాహక సంస్థలే చెబుతున్నాయి.
* "నా రకానికి ఏ ఉద్యోగం?" అని కాక, "ఈ ఉద్యోగంలో ఏ భాగం నాకు హాయి, ఏ భాగం శ్రమ?" అని ప్రశ్నించుకోవాలి.
* ఒక పనిముట్టును ఎంచుకొని దాని వాడకాన్ని పది మెట్లలో రాసి, దానిని ఎన్నడూ వాడనివారికి ఇచ్చి చూడాలి. వారు ఎక్కడ ఆగిపోయారో గమనించి తిరిగి రాయాలి. ఈ పనిలో ఆనందం కలిగితే, ఆ అనుభవం ఏ ప్రశ్నపత్రం కంటె నమ్మదగినది.
* ఉద్యోగంలో చేరేముందు జీతంతోపాటు చిత్తుప్రతిపై చివరి నిర్ణయం ఎవరిది, పాఠకుల అభిప్రాయాలు రచయితకు చేరతాయా, ఎదుగుదల ఎంతవరకు అనే విషయాలు అడిగి తెలుసుకోవాలి.
* అసంతృప్తి కలిగినప్పుడు కారణాన్ని పనిలో, ఇంటిలో, స్వభావంలో విడివిడిగా వెతకాలి. మొదటి రెండింటిని చూడకుండా మూడవదానిని నిందించుకోకూడదు.

ఇవి కూడా చూడండి

* కార్ల్ యూంగ్
* అడా లవ్‌లేస్
* మాలతీ చందూర్
* మనస్తత్వశాస్త్రం
* అవుకు